తాటిపండ్లు రాలి పాడైపోతున్నాయి, గుజ్జు తీస్తే చేదొస్తోంది: ఏం చేయాలి?

మీరు అడిగింది ఇదీ. సూర్యాపేట దగ్గర మీ పొలం గట్ల మీద తాతల నాటి తాటి చెట్లు ముప్పై దాకా ఉన్నాయి. ఎండాకాలంలో ఎవరో వచ్చి ముంజలకు గెలలు కోసుకుపోతారు. మిగిలినవి శ్రావణ భాద్రపదాల్లో పండి రాలి, ఈగలు ముసిరి కుళ్ళిపోతున్నాయి. ఒకసారి గుజ్జు తీసి బూరెలు వండితే చేదొచ్చి పారబోశారు. తాటి తాండ్ర అవుతుందా అనీ అడిగారు. ఇటుక బట్టీవాళ్ళు చెట్లు అడుగుతున్నారు, ఇచ్చేయాలా, లేక ఈ పండ్లతో ఏమైనా దారి ఉందా అని.

చివరిదానికే ముందు జవాబు చెబుతాను. చెట్లు ఇవ్వకండి. తాటి టెంక నాటిన దగ్గర్నుంచి చెట్టు కాపుకు రావడానికి పన్నెండు నుంచి ఇరవై ఏళ్ళు పడుతుంది. పూత వేసేదాకా అది పోతు చెట్టో ఆడ చెట్టో ఎవరూ చెప్పలేరు. ఈ రోజు కొట్టేసిన కాసే చెట్టుకు బదులు ఇంకొకటి కాయాలంటే మీ పిల్లలు పెద్దవాళ్ళయిపోతారు, అప్పటికీ అది పోతు చెట్టు కావచ్చు. పైగా తెలంగాణలో తాటి, ఈత చెట్లు ఎక్సైజ్ శాఖ లెక్కలో ఉంటాయి. అనుమతి లేకుండా కొడితే కేసవుతుంది. బట్టీవాళ్ళిచ్చే డబ్బు ఒక్కసారి చేతికొచ్చి ఆ నెలలోనే ఖర్చయిపోతుంది.

ఇక పండు సంగతి. మాది గోదావరి జిల్లా. తాటిపండు గుజ్జూ తేగలూ (టెంక పాతితే నేలలో ఊరే దుంపలు, మీ వైపు గేగులంటారు) మా ఇంట్లో నా చిన్నప్పటి నుంచీ ఉన్న పనే, ఇప్పుడు మా వీధి ఆడవాళ్ళం కొందరం కలిసి సీజన్లో అమ్మకానికి కూడా చేస్తున్నాం. నా అనుభవంలో చాలామంది రైతులు గమనించనిది ఒకటుంది. ఒక కాయను ముంజకు కోస్తే దాని కథ అక్కడితో అయిపోతుంది. అదే కాయను పండనిస్తే ముందు గుజ్జు వస్తుంది, గుజ్జు తీశాక మిగిలిన టెంకలు పాతితే సంక్రాంతి నాటికి తేగలొస్తాయి. మీరు ఇప్పుడు పండును వదిలేసి, దాంతోపాటు తేగను కూడా వదిలేస్తున్నారు. టెంకను పారేసేవాళ్ళను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ముందు చెట్ల లెక్క తేల్చుకోండి. మీ ముప్పై చెట్లలో పోతు చెట్లు కాయవు, వాటిని పక్కన పెట్టండి. ఆడ చెట్లలో గీతకు ఇచ్చినవి ఎన్నో చూడండి. ఆడ చెట్టు గెలను కల్లుకు గీస్తే ఆ గెల కాయగా మారదు. అందుకని మీ ఊరి గీత కార్మికుడితో కూర్చుని మాట్లాడండి. ఏ చెట్లు గీస్తాడు, ఏవి కాపుకు వదిలేస్తాడు అన్నది అతనికీ మీకూ ముందే తెలిసుండాలి. చెట్టెక్కేది అతనే, గెల దించాలన్నా అతనే దిక్కు. ఏ చెట్టు పండు తియ్యనో, ఏది చేదో ఊళ్ళో అందరికన్నా అతనికి బాగా తెలుస్తుంది.

ముంజల గురించి పెద్దగా చెప్పను, అది మీకు తెలిసిన వ్యాపారమే. ఏప్రిల్ నుంచి జూన్ దాకా హైదరాబాద్ రోడ్ల మీద ముంజలకు గిరాకీ ఉంటుంది. కాయలో ఉన్నంతసేపు ముంజ రెండు మూడు రోజులు ఆగుతుంది, బయటికి తీశాక కొన్ని గంటల్లోనే జిగురొచ్చేస్తుంది. అందుకే గెలలుగా అమ్మడమే రైతుకు సులువు. నా సలహా ఒక్కటే: అన్ని గెలలూ ముంజలకే ఇవ్వకండి. ఒక్కో చెట్టుకు రెండు మూడు గెలలు పండటానికి వదలండి. కొనేవాళ్ళు వచ్చినప్పుడే ఏ గెలలు వదలాలో చూపించండి, లేకపోతే ఊడ్చేసి పోతారు. ముదిరిన గెలలు కూడా ముంజల పేరుతో తోసేస్తుంటారు. గట్టిపడిన ముంజ తింటే పిల్లలకు కడుపు నొప్పి వస్తుంది, దాన్ని పండటానికి వదిలేయడమే మంచిది.

పండు మీద మనసు పెడితే, అన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది వేళ. తాటిపండు రాలిన క్షణం నుంచే పులవడం మొదలుపెడుతుంది. గుజ్జులో చక్కెర ఉంది, తేమ ఉంది, పైన వానాకాలపు ఉక్క. పొద్దున రాలిన పండు సాయంత్రానికి వాసన మారుతుంది, మర్నాటికి లోపల పురుగు కనిపిస్తుంది. అందుకని తెల్లవారగానే వెళ్ళి ఏరుకోవాలి. చెట్టు మొదట్లో ఎండుగడ్డో పాత తాటాకులో మందంగా పరిస్తే పండు పగలదు, మట్టి అంటదు. పగిలినవి పశువులకు వేయండి, ఇష్టంగా తింటాయి. గెలలో ఒకటి రెండు పండ్లు రాలాయంటే మిగిలినవీ రెండు మూడు రోజుల్లో వస్తాయి. మనిషి దొరికితే ఆ గెలను తాడు కట్టి దింపించి, నీడలో గడ్డి కప్పి మాగనిస్తే పండ్లు దెబ్బ తినకుండా చేతికొస్తాయి. ఇంకో మాట, ఆ రెండు నెలలూ పిల్లల్ని చెట్ల కింద ఆడనివ్వకండి. కిలోకు పైన బరువున్న పండు అంత ఎత్తు నుంచి తల మీద పడితే ప్రాణం పోవచ్చు.

ఇప్పుడు చేదు. మీ బూరెలు చేదెక్కడానికి కారణం మీ వంట కాదు. తాటిపండు గుజ్జులో ఫ్లాబెల్లిఫెరిన్లు అనే పదార్థాలున్నాయి, కుంకుడుకాయలో నురగనిచ్చే సపోనిన్ల జాతివే ఇవి. వాటిలో కొన్ని చేదు. శ్రీలంకలో వీటి మీద చాలా పరిశోధన జరిగింది, ఎంజైముతో ఆ చేదును విడగొట్టే పద్ధతి కూడా కనిపెట్టారు. మన ఇంటి స్థాయికి అది అందదు. మనం చేయగలిగింది ఏరుకోవడం. ఒక చెట్టు పండు తేనెలా ఉంటుంది, పక్క చెట్టుది నోట పెట్టలేం. ఆ తేడా చెట్టు గుణం, ఏటేటా పెద్దగా మారదు. కాబట్టి ప్రతి చెట్టు పండునూ విడిగా తీయాలి, విడిగా రుచి చూడాలి. వేలితో కాస్త పచ్చి గుజ్జు నాలుక వెనక భాగానికి తగిలేలా పెట్టుకుని కాసేపు ఆగండి. ఈ చేదు వెంటనే తెలియదు, మింగాక గొంతులో పడుతుంది. మీరు బహుశా నాలుగైదు చెట్ల పండ్లు ఒకే గిన్నెలో కలిపి తీసుంటారు. ఒక్క చేదు పండు చాలు, గిన్నెడు గుజ్జూ పోతుంది. వండితే చేదు పోతుందని కొందరు చెబుతారు. పూర్తిగా పోదు, బెల్లం ఎక్కువ పోస్తే కప్పుకుంటుంది అంతే. చేదు చెట్ల పండ్లతో గుజ్జు జోలికి పోకుండా టెంకలు నేరుగా తేగలకు వాడుకోండి. పండు చేదైనంత మాత్రాన ఆ టెంకను పారేయక్కర్లేదు.

గుజ్జు తీసే పద్ధతి చెబుతాను, దీన్ని మా వైపు పేసం తీయడం అంటారు. పండును కడిగి, ముచ్చిక ఊడదీసి, పైనున్న నల్లటి తోలు చేత్తో ఒలిచేయాలి. బాగా మాగిన పండు తోలు సులువుగా ఊడుతుంది, ఊడకపోతే ఇంకో పూట ఆగండి. లోపల పసుపు, నారింజ రంగుల పీచుతో సాధారణంగా మూడు టెంకలుంటాయి, కొన్నిటిలో రెండే, ఒక్కోసారి ఒకటే. టెంకలు విడదీసి, ఒక్కో పండుకు చిన్న గ్లాసుడు మించకుండా నీళ్ళు చల్లి, కాసేపు చేత్తో పిసకాలి. పీచు మెత్తబడి గుజ్జు వదలడం మొదలవుతుంది. తర్వాత వెదురు బుట్టను బోర్లించి దాని అడుగు మీద గానీ, గరుకైన స్టీలు జల్లెడ మీద గానీ టెంకను గుండ్రంగా తిప్పుతూ రుద్దాలి. పీచు టెంకకే అంటుకుని ఉండిపోతుంది, గుజ్జు కిందికి దిగుతుంది. పీచు తెల్లబడేదాకా రుద్దండి, కానీ తర్వాత కసికొద్దీ గీకొద్దు. అడుగు పొరలో వగరెక్కువ. దిగిన గుజ్జును పల్చటి బట్టలో ఇంకోసారి వడకట్టండి, లేకపోతే సన్న పీచు పళ్ళలో ఇరుక్కుంటుంది, కొనుక్కున్నవాళ్ళు రెండోసారి రారు.

వడకట్టిన గుజ్జును మూట కట్టి మూడు నాలుగు గంటలు వేలాడదీయడం బెంగాలీవాళ్ళ పద్ధతి. వాళ్ళకు భాద్రపదమంటే తాటిపండు నెల, కృష్ణాష్టమికి తాటి గుజ్జుతో 'తాలేర్ బొరా' అనే బూరెలు చేస్తారు. మూటలోంచి కారే పసుపు నీళ్ళతోపాటు కొంత చేదు, కొంత వగరు దిగిపోతుంది, గుజ్జు చిక్కబడుతుంది. నేను ఇది చూసి మొదలుపెట్టాక మా తాటి రొట్టె రంగు కూడా మెరుగైంది. కొంచెం చేదున్న గుజ్జుకు ఇది బాగా పనిచేస్తుంది, బాగా చేదున్నదాన్ని ఇది కూడా కాపాడలేదు. వేలాడదీసేది చల్లటి చోట ఉండాలి, ఫ్రిజ్‌లో పెట్టగలిగితే మరీ మంచిది. కిలోకు పైనున్న పండుకు నాకు పావు కిలో నుంచి నాలుగు వందల గ్రాముల దాకా గుజ్జు వస్తుంది. ఇది చెట్టును బట్టి మారుతుంది.

గుజ్జు తీశాక అదే రోజు మూడు పనుల్లో ఒకటి చేయాలి: వండాలి, గడ్డకట్టించాలి, లేదా బెల్లంతో ఉడికించాలి. బయట ఉంచితే సాయంత్రానికి బుడగలొచ్చి పులుస్తుంది. ఫ్రిజ్‌లో మామూలు అరలో రెండు రోజులు మించదు. అమ్మకం ఆలోచన ఉంటే డీప్ ఫ్రీజర్ తప్పదు. అరకిలో ప్యాకెట్లు పల్చగా పరిచి గడ్డకట్టిస్తే త్వరగా గట్టిపడతాయి, వాడేటప్పుడు త్వరగా కరుగుతాయి. మైనస్ పద్దెనిమిది డిగ్రీల దగ్గర పెట్టిన గుజ్జు సంక్రాంతి దాటినా నాకు బాగానే ఉంది. ఒకసారి కరిగినదాన్ని మళ్ళీ గడ్డకట్టించకండి.

వంటల్లో అన్నిటికన్నా అడిగి తినేది తాటి రొట్టె. ఒక గ్లాసు గుజ్జుకు ఒక గ్లాసు బియ్యపు రవ్వ, ముప్పావు గ్లాసు తరిగిన బెల్లం, గుప్పెడు పచ్చి కొబ్బరి కోరు, చిటికెడు ఉప్పు, యాలకుల పొడి. గుజ్జులో బెల్లం వేసి పొయ్యి మీద పచ్చి వాసన పోయేదాకా ఉడికించి, చల్లారాక రవ్వ కలిపి రెండు గంటలు నాననివ్వాలి. రవ్వ నానకపోతే రొట్టె పైన మాడి లోపల పలుకుగా మిగులుతుంది. మందపాటి ఇనప మూకుడులో నెయ్యి రాసి పిండి రెండు వేళ్ళ మందం పోసి, మూత పెట్టి, సన్నటి సెగ మీద అరగంటకు పైగా వదిలేయాలి. పాతకాలంలో మూత మీద కూడా నిప్పులు వేసేవారు, అందుకే రెండు వైపులా సమంగా ఎర్రబడేది. గ్యాసు మీద అయితే అంచులు విడివడి గోధుమ రంగు తిరిగాక ఒకసారి తిరగేయండి. మూకుడులోంచి తీసిన వెంటనే కోయొద్దు. పూర్తిగా చల్లారాకే దాని రుచి తెలుస్తుంది, మర్నాడు ఇంకా బాగుంటుంది.

గారెలు, బూరెలు సులువే. గుజ్జు, బెల్లం ఉడికించి అందులో తడి బియ్యప్పిండి కలిపి, అరచేతిలో తట్టి నూనెలో వేయడమే. పిండి పొడిదైతే గట్టిగా వస్తాయి, తడి పిండే వాడండి. ఆవిరి మీద కుడుములు కూడా చేయొచ్చు. థాయిలాండ్‌లో 'ఖనోమ్ తాన్' అనే పసుపుపచ్చటి కేకు ఉంది, తాటి గుజ్జు, బియ్యప్పిండి, కొబ్బరి పాలు కలిపి కొన్ని గంటలు వదిలేస్తే గుజ్జు పులవడమే పిండిని పొంగిస్తుంది. ఆకు దొన్నెల్లో పోసి ఆవిరి పెడతారు. మనల్ని ఇబ్బంది పెట్టే ఆ పులవడాన్నే వాళ్ళు పనిలోకి దింపారు. మీ ఇంట్లో ఇడ్లీ పాత్ర ఉంటే ఇది ప్రయత్నించి చూడండి. పిండి ఎక్కువసేపు వదిలితే మాత్రం కల్లు వాసనొస్తుంది. ఇక ఏ వంటా చేయబుద్ధి కాకపోతే పండును నిప్పుల మీద తోలు నల్లబడేదాకా కాల్చి, టెంక చీకుతూ తినడమే. పిల్లలకు ఇంతకన్నా ఏమీ అక్కర్లేదు.

తాటి తాండ్ర గురించి మీరు విడిగా అడిగారు. ఇక్కడ ఒక చిక్కుంది. ఆత్రేయపురం మామిడి తాండ్ర అంత పేరు తెచ్చుకుందంటే దానికి మే నెల ఎండ ఒక పెద్ద కారణం. మామిడి పండేది, ఎండ మండేది ఒకే నెలలో. తాటిపండు వచ్చేది ముసురు పట్టిన శ్రావణ భాద్రపదాల్లో. చాప మీద ఒక పొర పోసి అది ఆరేలోపు వానొస్తుంది, బూజు పడుతుంది. తాటి తాండ్ర చేసేవాళ్ళు తక్కువ కావడానికి నా దృష్టిలో ఇదే కారణం, రుచిలో లోపమేం లేదు. దారులు రెండున్నాయి. ఒకటి, సోలార్ డ్రయ్యరో కరెంటు డ్రయ్యరో పెట్టుకుని యాభై అయిదు, అరవై డిగ్రీల దగ్గర పల్చటి పొరలుగా ఆరబెట్టడం. రెండోది నేను చేసేది: సీజన్లో గుజ్జు గడ్డకట్టించి, మాఘమాసం దాటి ఎండ ముదిరాక తీసి తాండ్ర పోయడం. కిలో గుజ్జుకు పావు కిలో బెల్లం కలిపి ఉడికించి, నెయ్యి రాసిన చాప మీద పల్చటి పొర. అది చేతికి అంటకుండా ఆరాకే రెండో పొర. తొందరపడి మందంగా పోస్తే పైన ఆరినట్టుండి లోపల పచ్చిగా మిగిలి పులుస్తుంది. జాఫ్నా తమిళులు ఇలాగే తాటి గుజ్జు ఎండబెట్టి పినాట్టు చేసుకుంటారు, వాళ్ళ దగ్గర ఇది తరతరాలుగా ఉంది. శ్రీలంక ప్రభుత్వం 1978లోనే తాటి చెట్ల కోసం విడిగా ఒక అభివృద్ధి బోర్డు పెట్టింది. మన తెలుగు రాష్ట్రాల్లో ఇన్ని చెట్లుండీ అలాంటిది లేకపోవడం నాకు వెలితిగానే అనిపిస్తుంది.

జామ్ కూడా బాగా వస్తుంది, గుజ్జులో పెక్టిన్ ఉంది కాబట్టి త్వరగా చిక్కబడుతుంది. నిమ్మరసం తప్పకుండా పిండండి, పులుపు లేని జామ్ నిలవుండదు.

ఇప్పుడు తేగలు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇది, ఖర్చు దాదాపు లేని పని కూడా. తాటి టెంక మొలిచే తీరే వేరు. మామూలు విత్తనంలా అక్కడికక్కడే మొలక పైకి లేవదు. టెంకలోంచి ఒక తొండం లాంటిది బయటికొచ్చి నేలలోకి నిటారుగా దిగుతుంది, మెత్తటి నేల దొరికితే రెండు మూడు అడుగులు కూడా పోతుంది. లోపలికి దిగాక ఆ తొండం కొన దగ్గర పిండి పదార్థం పోగుచేసుకుని గడ్డలా ఊరుతుంది. అదే తేగ. చాలామంది వేరనుకుంటారు, నిజానికి అది పుట్టబోయే చెట్టు మొదటి ఆకు తొడుగు. ఈ కారణంగానే తాటి మొక్కను ఒకచోట పెంచి ఇంకోచోట నాటడం కష్టం, టెంకనే నేరుగా పొలంలో పాతాలి. తేగల పాతర వేయడంలో మెళకువ కూడా ఇక్కడే ఉంది. మామూలు గట్టి నేల మీద పాతితే తొండం దిగలేక వంకర పోతుంది, తేగ సన్నగా, పీచుగా వస్తుంది, తవ్వి తీయడానికి చేతులు పడిపోతాయి.

అందుకని ఇసుక, మెత్తటి మట్టి కలిపి రెండున్నర, మూడు అడుగుల ఎత్తు కట్ట వేయండి. పక్కల జారిపోకుండా తాటి మట్టలు అడ్డం పెట్టండి. గుజ్జు తీసిన టెంకలను పీచుతోనే, ఒకదాని పక్కన ఒకటి ఆనించి కట్ట పైన పరవండి. పైన పల్చగా మట్టి, దాని మీద తాటాకులు. టెంకలు ఎక్కువ రోజులు ఎండనివ్వొద్దు, కట్ట తయారయ్యేదాకా నీడలో తడి గోనె కప్పి ఉంచండి. పండకముందే రాలిన కాయల టెంకలు మొలవవు, వాటిని ఏరి పొయ్యిలోకి వాడుకోండి. భాద్రపదంలో వేస్తే వానలే సరిపోతాయి, కార్తీకంలో పొడిగా ఉంటే వారానికోసారి నీళ్ళు చల్లండి. నీళ్ళు నిలిస్తే మాత్రం తేగ కుళ్ళుతుంది. దాదాపు నాలుగు నెలలకు, డిసెంబరు జనవరుల్లో తేగలు తయారవుతాయి. కట్టను పై నుంచి తవ్వకుండా పక్క నుంచి ఇసుక లాగేస్తే, తేగలు వరసగా వేలాడుతూ కనిపిస్తాయి, విరక్కుండా చేతికొస్తాయి. కట్ట మీద ఆకు మొన పైకి లేవడం మొదలైందంటే ఇక ఆలస్యం చేయొద్దు. పైకి ఆకు పోయే కొద్దీ తేగలో పిండి తగ్గి పీచు పెరుగుతుంది.

మధ్యలో ఇంకో రుచి ఉంది. తేగ సగం ఎదిగిన సమయంలో టెంకను కత్తితో పగలగొడితే లోపల మెత్తటి, తెల్లటి, తియ్యటి గుంజు ఉంటుంది. మా వైపు బుర్రగుంజు అంటారు, దీపావళి రోజుల్లో పిల్లలు ఎగబడతారు. టెంకలోని గట్టి గింజను కరిగించి తేగకు పంపించే పీఠం అది. దాన్ని తీస్తే ఆ తేగ ఇక ఎదగదు. కాబట్టి అమ్మకానికి వేసిన కట్ట జోలికి పిల్లల్ని రానివ్వకుండా, వాళ్ళ కోసం ఒక మూల పాతిక టెంకలు విడిగా వేయండి.

తేగలను అలాగే ఉడికించి అమ్మొచ్చు, కాల్చి అమ్మొచ్చు. పెద్ద గిన్నెలో నీళ్ళు, ఉప్పు, కాస్త పసుపు వేసి ముప్పావు గంట నుంచి గంట దాకా ఉడికిస్తే చాలు. కాల్చాలంటే కుండలో కుక్కి చుట్టూ తాటాకు మంట పెట్టడం మా ఊళ్ళ పద్ధతి, ఆ వాసన గ్యాసు మీద రాదు. భీమవరం, పాలకొల్లు రోడ్ల మీద చలికాలంలో కట్టలు కట్టి అమ్మేవి ఇవే. పై పొర ఒలిచి, నిలువుగా చీల్చి, మధ్యలో 'చందమామ' అనే లేత మొలకను తీసి పిల్లలకిచ్చి, మిగతాది పీచు లాగుతూ నమలాలి. మిగిలిపోయిన తేగలు ఉడికించి, ముక్కలు కోసి, ఎండబెట్టి పిండి పట్టించండి. రొట్టెల్లో, లడ్డూల్లో, పాలలో కలిపి జావగా వాడొచ్చు. ఉడికించకుండా పచ్చి తేగలనే ఎండబెట్టి పిండి పట్టడం మాత్రం వద్దు. పచ్చి పిండి చేదుగా ఉంటుంది, ఒంటికి పడదు కూడా. జాఫ్నాలో ఒడియల్ కూళ్ అనే చేపల జావకు పచ్చి పిండే వాడతారు, కానీ వాళ్ళు దాన్ని నీళ్ళలో నానబెట్టి ఆ నీళ్ళు పారబోసి, బాగా ఉడికించుకుని తాగుతారు.

వ్యాపారంగా చేయాలంటే ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తీసుకోండి, ఇంటి దగ్గర చేసి అమ్మినా అది ఉండాలి. చిన్న ఆహార పరిశ్రమలకు కేంద్రం 2020లో పీఎంఎఫ్‌ఎంఈ పథకం మొదలుపెట్టింది. బ్యాంకు రుణంతో పెట్టే యూనిట్ ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా రాయితీ అందులో పెట్టారు. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారా అని మీ జిల్లా అధికారులను అడగండి. మొదటి ఏడాదే రుణం పెట్టి యంత్రాలు కొనొద్దు. గుజ్జు తీసే యంత్రాలు వచ్చాయి, కానీ ముందు ఒక ఫ్రీజరుతో, మీ చేతులతో ఒక సీజన్ చేసి ఎంత అమ్ముడవుతుందో చూడండి. కొనేవాళ్ళు ఎవరంటే, నా అనుభవంలో మిఠాయి దుకాణాలకన్నా అపార్ట్‌మెంట్లలో ఉండే మన ఊరి వాళ్ళు. తాటి రొట్టె తిని పెరిగి, ఇప్పుడు పండు దొరక్క ఉన్నవాళ్ళు. గుజ్జు ప్యాకెట్ ఇచ్చి కొలతలు రాసిస్తే వాళ్ళే వండుకుంటారు.

అమ్మేటప్పుడు ఒక్కటి మాత్రం చేయకండి. షుగర్ తగ్గుతుంది, కిడ్నీలో రాళ్ళు కరుగుతాయి అని ప్యాకెట్ మీద రాయొద్దు. పండు గుజ్జులో కెరోటిన్ ఉంది, పీచు ఉంది, తేగలో పిండి పదార్థం, పీచు బాగా ఉన్నాయి. ఆ మాట చెప్పండి చాలు. తాటి బెల్లం షుగర్ ఉన్నవాళ్ళు ఎంతైనా తినొచ్చని ప్రచారం చేస్తున్నారు, అది కూడా ఎక్కువ భాగం చక్కెరే. నమ్మి తిన్నవాళ్ళకు హాని జరుగుతుంది.

చూసి నేర్చుకోవాలనుకుంటే రంపచోడవరం దగ్గర పందిరిమామిడిలో ఉద్యాన విశ్వవిద్యాలయం వారి పరిశోధన స్థానం ఉంది, తాటి మీద, తాటి ఉత్పత్తుల మీద పనిచేస్తున్న చోటు అది. మీకు దూరమే కానీ ఒకసారి వెళ్ళిరావడం దండగ కాదు. జూలై ఆగస్టుల్లో వెళితే పండ్ల పని జరుగుతూ ఉంటుంది, ముందే ఫోన్ చేసి వెళ్ళండి.

ఈ ఏడాదికి మీరు చేయాల్సింది తక్కువే. పండ్లు రాలడం మొదలవగానే ఒక్కో ఆడ చెట్టు పండు విడిగా తీసి రుచి చూసి, తియ్యటి చెట్ల మొదళ్ళకు సున్నంతో గుర్తు పెట్టండి. వచ్చే ఎండాకాలం ముంజలవాళ్ళు వచ్చినప్పుడు ఆ గుర్తున్న చెట్లలో గెలలు వదిలి, చేదు చెట్లవి వాళ్ళకు ఇచ్చేయొచ్చు. ముంజ దశలో ఆ చేదు ఉండదు, వాళ్ళకూ నష్టం లేదు. ఈ సీజన్లో రాలిన పండ్ల టెంకలన్నీ, చేదువైనా సరే, ఒక కట్టలో పరవండి. ఎక్కడ వేయాలని అడిగితే బోరు దగ్గర, నీళ్ళు నిలవని చోట, పందులు రాకుండా ముళ్ళకంప వేయగలిగిన చోట. పాతరను తవ్వడంలో వాటిని మించినవాళ్ళు లేరు, ఒక్క రాత్రిలో అంతా పోతుంది.